పలాస జీడిపప్పు పేరు ఎవరిది? తోట రైతుదా, ఫ్యాక్టరీదా?

ఉద్దానం రైతుబిడ్డ, వజ్రపుకొత్తూరు:

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా మండలంలో జీడి రైతులం కొంతమంది కలిసి సంఘం పెట్టుకోవాలని చూస్తున్నాం. కారణం అందరికీ తెలిసిందే. మార్చి, ఏప్రిల్‌లో పిక్క (పెంకుతో ఉన్న జీడి గింజ) రాలడం మొదలయ్యేసరికి 80 కిలోల బస్తా రేటు జారిపోతుంది. ఏటండీ ఇది అని అడిగితే "ఆఫ్రికా పిక్క దిగింది, మీది లేకపోయినా మాకు గడుస్తుంది" అని మొహం మీదే చెప్తారు. బస్తాకి 16 వేలు ఇవ్వాలని రోడ్డెక్కినా వినే నాథుడు లేడు. ఆఫ్రికా పిక్క కూడా పప్పుగా మారి డబ్బాలోకి ఎక్కేసరికి "అసలైన పలాస జీడిపప్పు" అయిపోతుంది.

నేను అడిగేది ఒకటే. ఐవరీ కోస్ట్‌లో కాసిన పిక్కకి మా ఊరి పేరు పెట్టి అమ్మొచ్చా? ఫ్రాన్స్‌లో షాంపేన్ (బుడగల వైన్) రైతులకి, గోవాలో ఫెనీ (జీడి పండు సారా) కాచేవాళ్లకి పేరు మీద హక్కు ఉందని విన్నాను. ఆ సంఘాలు ఎవరు పెట్టారు, ఎన్నాళ్లు కొట్టుకున్నారు, చివరికి ఎలా కుదిరింది? తెలిసినోళ్లు కాస్త వివరంగా రాయండి. వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరూ దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

కాశీబుగ్గ కాజూ:

తమ్ముడూ, నేను పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ మనిషిని, ముందే చెప్పేస్తున్నా. తర్వాత తిట్టుకోవద్దు.

పలాసకి పేరు చెట్టు వల్ల రాలేదు, చేతి వల్ల వచ్చింది. పిక్కకి ఎంతసేపు ఆవిరి పట్టాలి, ఎంతసేపు ఆరనివ్వాలి, గుండు (బద్ద కాని పూర్తి పప్పు) విరగకుండా కట్టర్ మీద ఎలా కోయాలి, బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) ఎంత వేడికి పొట్టు వదులుతుంది, ఇదంతా తెలిసిన చేతులు ఇక్కడ ఉన్నాయి. డబ్ల్యూ 240 గ్రేడు అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 220 నుంచి 240 గుండ్లు తూగాలి. 180 అంటే ఇంకా లావు గుండు. త్రాసు అక్కర్లేకుండా కంటిచూపుతో వాటిని విడదీసే ఆడవాళ్లు మన దగ్గర ఉన్నారు. బొంబాయి వ్యాపారి డబ్బులిచ్చేది దానికి.

ఇంకోటి, ఉద్దానం పంట మూడు నెలల ముచ్చట. మిగతా నెలల్లో షట్టర్ దించేసి పనివాళ్లను ఇంటికి పొమ్మనమంటావా? బయటి పిక్క రాకపోతే కాశీబుగ్గలో చాలా యూనిట్లు తాళం వేసుకోవాలి. నువ్వు సంఘం పెట్టుకో, సంతోషం. కానీ పేరు మాది, మీరు వాడకండి అంటే మాత్రం కుదరదు.

బడిపంతులు, టెక్కలి:

మీ ఇద్దరూ ఇప్పుడు అంటున్న మాటలే షాంపేన్‌లో నూట పాతికేళ్ల కిందట అనుకున్నారు. అందుకే ఆ కథ కాస్త పెద్దదిగా రాస్తాను, ఓపిక పట్టండి.

అక్కడ మొదటి నుంచీ రెండు వర్గాలు. ద్రాక్ష పండించే చిన్న రైతులు ఒకవైపు. ఆ ద్రాక్ష కొని సారాయి (వైన్) చేసి, సీసాల్లో బుడగలు పుట్టించి లోకమంతా అమ్మే పెద్ద కంపెనీలు ఇంకోవైపు. ముందు సంఘం పెట్టుకున్నది కంపెనీలు, 1882లో. రైతుల సంఘాలు ఒక్కటయింది 1904లో. ఆ మధ్య కాలంలో ద్రాక్ష వేళ్లను తినేసే ఫిలోక్సెరా అనే పురుగు తోటల్ని పట్టింది. 1907 నుంచి వరసగా పంటలు దెబ్బతిన్నాయి, 1910 పంట అయితే దాదాపు సున్నా. రైతు అప్పుల్లో ఉన్నాడు, కంపెనీ సీసాలకి మాత్రం గిరాకీ తగ్గలేదు. మరి సరుకు ఎక్కడిది? రైలు ఉంది కదా. లువార్ నది పక్క నుంచి, దక్షిణాది నుంచి చవక సారాయి తెప్పించుకుని షాంపేన్ పేరుతో అమ్మారు. ఇప్పుడు మీరు చెప్పే ఆఫ్రికా పిక్క అప్పుడు వాళ్లకి దక్షిణ ఫ్రాన్స్ సారాయి.

1911 జనవరిలో రైతులు ఓపిక వదిలేశారు. దామెరీ, ఓవిలేర్ ఊళ్లలో బయటి సరుకుతో వస్తున్న బళ్లను ఆపి పీపాలకు పీపాలు మార్న్ నదిలోకి దొర్లించేశారు. ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. షాంపేన్ ప్రాంతపు సరుకు ఒక గోదాంలో, బయటి సరుకు విడిగా ఇంకో గోదాంలో పెట్టాలి. వినడానికి చిన్న రూలే, కానీ కంపెనీ లెక్కలు బయటపడేది అక్కడే కదా.

కాశీబుగ్గ కాజూ:

మాస్టారూ, బళ్లు ఆపి నదిలో పోసిన సంగతి ఇక్కడ రాయకండి. మావాళ్లు వంశధార వైపు చూస్తారు.

బడిపంతులు, టెక్కలి:

అసలు మంట ఆ తర్వాతే అంటుకుంది బాబూ. షాంపేన్ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని 1908లో ఒక గీత గీశారు. ఆ గీతలో ఓబ్ జిల్లా లేదు. ఓబ్ రైతులు మేమూ తరతరాలుగా ద్రాక్ష అమ్ముతున్నాం, మమ్మల్ని ఎలా వదిలేస్తారని వేలమంది వీధుల్లోకి వచ్చారు. వాళ్ల ఒత్తిడికి 1911 ఏప్రిల్‌లో సెనేట్ ఆ గీతనే తీసేయాలని ఓటేసింది. మర్నాడు మార్న్ జిల్లా రైతులు ఆయీ పట్టణం మీద పడి, బయటి సారాయి తెస్తున్నారని పేరున్న వ్యాపారుల గోదాములు తగలబెట్టారు. సైన్యం దిగాల్సి వచ్చింది. మధ్యేమార్గంగా ఓబ్‌కి "రెండో జోన్ షాంపేన్" అని ఒక హోదా ఇచ్చారు. ఎవరికీ నచ్చలేదు. ఇంతలో ప్రపంచ యుద్ధం. చివరికి 1927లో చట్టం చేసి, ఓబ్‌ని కూడా కలుపుకుని, ఏ ఊళ్లు షాంపేనో తేల్చారు.

అంటే రైతుకీ కంపెనీకీ ఎంత పోరు నడిచిందో, రైతుకీ రైతుకీ అంతే నడిచింది. రైతుబిడ్డా, నీ సంఘం మొదటి మీటింగులోనే ఈ ప్రశ్న వస్తుంది చూడు. పలాస జీడి అంటే ఏ ఊళ్లు? వజ్రపుకొత్తూరు, మందస సరే. కవిటి, కంచిలి, సోంపేట సంగతేంటి? మెళియాపుట్టి కొండవాలు గిరిజన రైతు జీడి ఎటు?

ఉద్దానం రైతుబిడ్డ, వజ్రపుకొత్తూరు:

మెళియాపుట్టి గురించి అయితే నిజంగా ఆలోచించలేదు మాస్టారూ. మా మీటింగులో ఇప్పటిదాకా జరిగింది ప్రెసిడెంటు ఎవరు అన్న చర్చే.

సంతలో సాయంత్రం:

ప్రెసిడెంటు ఎవరో తేలాక బ్యానర్ మీద ఫొటో సైజు గురించి ఇంకో మీటింగు ఉంటుంది. అది అయ్యాక జీడి.

బోర్మా వాళ్ల అమ్మాయి:

ఇప్పటిదాకా రైతు, ఫ్యాక్టరీ అనే మాట్లాడుతున్నారు. మా అమ్మ కాశీబుగ్గలో పిక్క కోతకి వెళ్లేది, ఇప్పుడు పప్పు పొట్టు ఒలుపుకి వెళ్తుంది. కోతప్పుడు పెంకు లోంచి జీడి నూనె చిమ్ముతుంది. చేతికి బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ల సందుల్లో తోలు లేచిపోయేది. సాయంత్రం అన్నం కలుపుకోవాలంటే స్పూను కావాల్సి వచ్చేది. ఒలుపులో ఆ బాధ లేదు గానీ కూలి కిలో లెక్కన. గుండు విరిగి బద్ద అయితే సేటు మొహం మారిపోతుంది. అన్నయ్యగారు పైన "చేతి వల్ల వచ్చింది" అని రాశారే, ఆ చేయి ఇదే. మరి సంఘంలో ఈ చేతికి కుర్చీ ఉందా?

కాశీబుగ్గ కాజూ:

అమ్మా, న్యాయమైన మాటే. గ్లవ్స్ ఇస్తున్నాం, వేసుకుంటే కోత స్పీడు తగ్గి కూలి పడిపోతుందని వాళ్లే తీసేస్తున్నారు.

బోర్మా వాళ్ల అమ్మాయి:

కూలి కిలో లెక్కన ఇస్తే తీసేయరా మరి!

గోవా సిక్కోలు:

నేను పనికోసం గోవా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. సొంతూరు మందస దగ్గర. ఫెనీ సంగతి కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి చెప్తా.

మన ఉద్దానంలో పిక్క తీసుకుని పండు పారేస్తాం. చెట్ల కింద కుళ్లి ఈగలు ముసురుతాయి. ఆ పండు రాలిన రోజే వాడకపోతే పులిసిపోతుంది, అందుకే ఎవరూ ముట్టుకోరు. గోవాలో లెక్క తిరగబడి ఉంటుంది, పండు కోసమే పొద్దున్నే తోటకి పరిగెడతారు. కొండవాలులో రాతి తొట్టి ఉంటుంది, అందులో పళ్లు పోసి కాళ్లతో తొక్కుతారు. ఇప్పుడు చాలాచోట్ల క్రషర్లు వచ్చాయనుకోండి. రసాన్ని కుండల్లో పోసి రెండు మూడు రోజులు పులియబెడతారు. భట్టీ మీద మొదటిసారి దింపితే ఉర్రాక్, తేలిగ్గా ఉంటుంది, వేసవిలో మాత్రమే దొరుకుతుంది. ఉర్రాక్‌ని మళ్లీ కొత్త రసంతో కలిపి దింపితే ఫెనీ. వాసన అయితే వీధి చివరిదాకా వస్తుంది.

పేరు కోసం అక్కడ దరఖాస్తు పెట్టింది ఫెనీ కాచేవాళ్ల, బాట్లింగ్ చేసేవాళ్ల సంఘం, గోవా ప్రభుత్వ శాఖతో కలిసి. 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ, ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు అన్న హక్కు) వచ్చింది. మన దేశంలో మత్తుపానీయాల్లో మొదటిది అదే. 2016లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, గమనించండి. దక్షిణ గోవాలో కొబ్బరి కల్లుతో కూడా ఫెనీ కాస్తారు, అది జీడి ఫెనీ కన్నా పాతది. గుర్తింపు మాత్రం జీడి ఫెనీకే వచ్చింది. దరఖాస్తులో ఏం రాస్తే దానికే హక్కు. మాస్టారు చెప్పిన ఓబ్ కథ ఇక్కడ కూడా ఉంది.

సంతలో సాయంత్రం:

ఇది చదివి మా ఊళ్లో నలుగురు గోవా టిక్కెట్టు బుక్ చేశారు. అన్నా, ఉర్రాక్ వేసవిలో అంటే ఏ నెలలో?

మోడరేటర్:

సరదా సరే. మన రాష్ట్రంలో ఇంట్లో సారా కాయడం నేరం. రెసిపీలు అడగొద్దు, చెప్పొద్దు. గోవాలో లైసెన్సులు ఇచ్చి, జోన్లు వేలం వేసి నడిపించేది అక్కడి ఎక్సైజ్ శాఖ.

గీత మనవడు, కవిటి:

జీడి పండు మాట వచ్చింది కాబట్టి. మా తాతవాళ్లు తాటి, ఈత, జీలుగు గీసినవాళ్లు. కల్లుగీత సహకార సంఘాలు మనకి ఎప్పటి నుంచో ఉన్నాయి, చెట్టు పన్ను కట్టి గీసుకునే హక్కు సంఘానికి ఉంటుంది. కానీ ఏ సంఘమూ "ఇది ఫలానా ఊరి కల్లు" అని పేరు నిలబెట్టలేకపోయింది. తెల్లారి దింపిన కల్లు మధ్యాహ్నానికి ఇంకో వస్తువు అయిపోతుంది. నిలవ ఉండని సరుక్కి పేరు ఎలా కట్టాలి? తాటి బెల్లం అయితే కొంత నయం. జీడిపప్పు డబ్బాలో నెలలు ఉంటుంది కాబట్టి మీకు అవకాశం ఉంది. వదులుకోకండి.

విజినారం తాండ్ర:

మా వైపు నుంచి ఒక మాట. భీమాలి మామిడి తాండ్ర తినని వాళ్లు ఉండరు. చాప మీద రసం పూత వేసి, ఎండాక దాని మీద ఇంకో పూత, అలా మందం వచ్చేదాకా రోజుల తరబడి ఎండబెట్టాలి. వాన చినుకు పడితే ఆ బ్యాచ్ గోవిందా. ఆ ఊరి పేరు రాసి ఎక్కడెక్కడో రంగు కలిపిన తాండ్ర అమ్ముతున్నారు. మాకు కోపం వస్తుంది, రెండు రోజుల్లో చల్లారిపోతుంది, అంతే. మీ చర్చ ఫాలో అవుతున్నా.

బడిపంతులు, టెక్కలి:

పేరు కోసం పోరాడిన ఇంకో సంఘం ఇటలీలో ఉంది, కియాంటి అనే ద్రాక్ష సారాయి చేసేవాళ్లది. వాళ్లది తగలబెట్టుకునే గొడవ కాదు, చాలా నెమ్మదిగా సాగిన గొడవ. 1716లో టస్కనీ పాలకుడు మూడో కోసిమో ఒక శాసనం వేసి కియాంటి ప్రాంతపు హద్దులు చెప్పాడు. ప్రపంచంలో సారాయి ప్రాంతానికి చట్టంతో హద్దులు గీసిన తొలి సందర్భాల్లో అదొకటి. కానీ శాసనం రాతి మీద ఉంటే సరిపోతుందా? పేరు పెరిగేకొద్దీ చుట్టుపక్కల కొండలన్నీ కియాంటి అయిపోయాయి. 1924లో రాద్దా అనే ఊళ్లో 33 మంది ఉత్పత్తిదారులు కూర్చుని సంఘం పెట్టి, నల్లకోడిపుంజుని గుర్తుగా పెట్టుకున్నారు.

ఆ పుంజు వెనుక కథ బాగుంటుంది. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ సరిహద్దు తగువు. తెల్లారి కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, ఎక్కడ ఎదురుపడితే అక్కడ సరిహద్దు. సియెనా వాళ్లు తెల్లపుంజుని బాగా మేపారు, అది ఒళ్లు మరిచి నిద్రపోయింది. ఫ్లోరెన్స్ వాళ్లు నల్లపుంజుని పస్తు పెట్టారు, అది ఆకలికి చీకట్లోనే కూసేసింది. వాళ్ల రౌతు సియెనాకి బాగా దగ్గరగా వచ్చేశాడు. జరిగిందో లేదో గానీ, ఇప్పుడు ప్రతి కియాంటి క్లాసికో సీసా మీదా ఆ ఆకలి పుంజే ఉంటుంది.

సంఘం పెట్టగానే గెలిచారనుకోకండి. 1932లో ప్రభుత్వం పెద్ద ప్రాంతం మొత్తాన్నీ కియాంటి అనేసి, పాత ఊళ్లకు "క్లాసికో" అని ఒక తోక తగిలించింది. ఆ తోక తమదే అని, తమకు విడి రూల్స్ ఉండాలని వాదించి ప్రత్యేక హోదా తెచ్చుకునేసరికి 1996 వచ్చింది. మధ్యలో అమెరికాలో గాలో అనే పెద్ద వైన్ కంపెనీతో పేరు తగాదా వచ్చి, అక్కడ "గాలో నేరో" అన్న మాట వాడుకోలేకపోయారు. ఆ మాటకి అర్థం నల్లపుంజు అనే!

బిల్లు బుక్కు, శ్రీకాకుళం:

ఆడిటర్ని. కథలు బాగున్నాయి, కాగితం సంగతి నేను చెప్తా. మీకు దారులు రెండు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మాక్స్ అంటారు, దాని కింద సంఘం. లేదంటే 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన ప్రొడ్యూసర్ కంపెనీ, పది మంది రైతులుంటే చాలు. ఎవరికి ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు, కాబట్టి డబ్బున్నవాడు మింగేస్తాడన్న భయం తక్కువ. 2020లో కేంద్రం పదివేల ఎఫ్‌పీవోలు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు) పెట్టిస్తామని పథకం తెచ్చాక మన జిల్లాలో కూడా చాలా బోర్డులు లేచాయి. బోర్డు ఉండి బిల్లు బుక్కు లేనివి కూడా చూశాను.

పేరు హక్కు వేరే కాగితం. 1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టం, అమల్లోకి వచ్చింది 2003లో. మొదటిది డార్జిలింగ్ టీ. మన పక్కన అరకు కాఫీకి 2019లో వచ్చింది. దరఖాస్తు వెళ్లేది చెన్నై రిజిస్ట్రీకి. సరిహద్దు మ్యాపు, సరుకు ప్రత్యేకత, తయారీ పద్ధతి, నాణ్యత ఎవరు తనిఖీ చేస్తారు, అన్నీ రాయాలి. వచ్చాక పదేళ్లకోసారి రెన్యువల్. ముఖ్యమైంది, గుర్తింపు సంఘం పేరున వచ్చినా ఒక్కో రైతు, ఒక్కో యూనిట్ "అధీకృత వినియోగదారు"గా విడిగా నమోదు కావాలి. చాలాచోట్ల సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు, ఈ రెండో పని చేయరు.

ఉద్దానం రైతుబిడ్డ, వజ్రపుకొత్తూరు:

సార్, ఫ్యాక్టరీ వాళ్లు లేకుండా మేమే దరఖాస్తు పెట్టొచ్చా?

బిల్లు బుక్కు, శ్రీకాకుళం:

పెట్టొచ్చు. కానీ దరఖాస్తులో "పలాస జీడిపిక్క" అని రాస్తారా, "పలాస జీడిపప్పు" అని రాస్తారా? పప్పు అని రాస్తే తయారీ పద్ధతి రాయాలి, అది మీ చేతిలో లేదు. పిక్క అని రాస్తే డబ్బా మీదికి ఎక్కదు. అభ్యంతరాలు చెప్పే గడువు కూడా ఉంటుంది. కాశీబుగ్గ నుంచి ఎన్ని అభ్యంతరాలు వస్తాయో పైన అన్నగారిని అడగండి.

కాశీబుగ్గ కాజూ:

నాదే మొదటిది 😀

సరే, సీరియస్‌గా ఒకటి అడుగుతా. మాస్టారూ, ఆ షాంపేన్ వాళ్లు చివరికి ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చున్నారు?

బడిపంతులు, టెక్కలి:

మెడ మీద కత్తి పడితే కూర్చున్నారు. 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ని ఆక్రమించి, షాంపేన్ సీసాలు లక్షల్లో తీసుకుపోవడం మొదలుపెట్టారు. విడివిడిగా ఉంటే రైతూ, కంపెనీ ఇద్దరూ మునిగిపోతారని తెలిసి 1941 ఏప్రిల్‌లో ఉమ్మడి కమిటీ పెట్టారు. కంపెనీల తరఫున రోబేర్ జాన్ ద వోగ్వే, రైతుల తరఫున మోరిస్ దుయార్ ముందు నిలబడ్డారు. వోగ్వేని 1943లో జర్మన్లు అరెస్టు చేసి మరణశిక్ష కూడా వేశారు, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ కమిటీ ఇప్పటికీ నడుస్తోంది. రెండు వర్గాలకీ సమాన ప్రాతినిధ్యం. తోటల్లో దాదాపు 90 శాతం రైతులవే, అమ్మకాల్లో పెద్ద వాటా కంపెనీలది. ఒకరు లేకుండా ఇంకొకరికి పొద్దు గడవదు.

రేటు సంగతి మీకు పనికొస్తుంది. అక్కడ ఊరూరికీ ఒక శాతం కట్టారు. ఆ ఏడు ద్రాక్ష కిలో రేటు ఇంత అని రెండు వర్గాలూ తేల్చుకుంటాయి, నూరు శాతం ఊరి రైతుకి పూర్తి రేటు, 85 శాతం ఊరి రైతుకి అందులో నూటికి 85 వంతులు. ఈ పద్ధతి లోపాలు లేనిదేం కాదు. ఊరిని బట్టి రేటు కాబట్టి తోట బాగా చూసుకున్నవాడికీ చూసుకోనివాడికీ ఒకటే. ఉమ్మడి రేటు పద్ధతిని 1990లో వదిలేశారు. అయినా తరాల పాటు కోతకి ముందే రేటు తెలిసిన రైతులు వాళ్లు.

పేరు కాపలా మాత్రం ఇంకా గట్టిగా కాస్తారు. 1993లో ఒక పెద్ద ఫ్యాషన్ కంపెనీ అత్తరుకి షాంపేన్ అని పేరు పెడితే కోర్టుకెళ్లి ఆపించారు. తాగే వస్తువు కాకపోయినా ఊరుకోలేదు.

ఉద్దానం రైతుబిడ్డ, వజ్రపుకొత్తూరు:

కోతకి ముందే రేటు. ఈ ఒక్క మాట కోసం మా నాన్న ఎన్ని ధర్నాలకి వెళ్లాడో. మా దగ్గర కోతకి ముందే తెలిసేది అప్పు ఒక్కటే. శ్రావణంలో చేబదులు తీసుకుంటే ఏప్రిల్‌లో పిక్క ఆ షావుకారికే పోయాలి, అతను చెప్పిన తూకానికి.

కాజూ అన్నా, సూటిగా అడుగుతున్నా. ఆఫ్రికా పిక్క తేవొద్దని అనడం లేదు. వేరే గోదాంలో పెట్టండి, వేరే డబ్బాలో అమ్మండి. "ఉద్దానం పిక్క, పలాస పని" అన్న డబ్బా ఒకటి విడిగా చేద్దాం. దానికి మాకు రేటు ముందే చెప్పండి. ఒప్పుకుంటారా?

కాశీబుగ్గ కాజూ:

అందరి తరఫునా నేను మాట ఇవ్వలేను, నా యూనిట్ వరకు చెప్తా. వేరే గోదాం పెట్టగలను. రేటు ముందే చెప్పాలంటే మాత్రం నాకు అవుట్‌టర్న్ (బస్తా పిక్కకి ఎంత మంచి పప్పు దిగుతుందో ఆ లెక్క) కావాలి. మనవాళ్లలో చాలామంది చెట్టు కింద ఏరింది ఏరినట్టు తడి పిక్క బస్తాలో పోసి తెస్తారు. తూకం బరువు వస్తుంది, నెల తిరిగేసరికి పప్పు నల్లబడుతుంది. దాని నష్టం నేను మోస్తున్నా, ఆ కోపంతోనే అందరికీ రేటు తగ్గిస్తున్నాం. ఇది దాచాల్సిన పని లేదు.

పరీక్ష సులువే. బస్తాల్లోంచి కలగలిపి కిలో పిక్కలు తీసి కోయాలి. మంచి పప్పు 270 గ్రాములు వచ్చిందనుకో, 80 కిలోల బస్తాకి 21 కిలోల 600 గ్రాములు. మా లెక్కలో 47 పౌన్లు దాటినట్టు. అది మంచి పిక్క. అలాంటి పిక్కకి ఆఫ్రికా రేటు చెప్తే నువ్వు నన్ను తిట్టొచ్చు.

బోర్మా వాళ్ల అమ్మాయి:

ఆ కిలో కోసేది ఎవరు? ఫ్యాక్టరీ మనిషి కోస్తే రైతు నమ్మడు, రైతు మనిషికి కోత రాదు. మా అమ్మలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గుర్ని సంఘమే కూలి ఇచ్చి పెట్టుకోవాలి. రోజు కూలి, కిలో లెక్క కాదు.

బిల్లు బుక్కు, శ్రీకాకుళం:

ఇది బైలాలో రాయదగ్గ మాట. తనిఖీ ఎవరు చేస్తారన్న గడి దరఖాస్తులో కూడా ఉంటుంది, అక్కడ దీన్నే నింపొచ్చు.

ఉద్దానం రైతుబిడ్డ, వజ్రపుకొత్తూరు:

అయితే పూత మీదున్నప్పుడే, సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం పలాసలో కూర్చుందాం. మందస, కవిటి, సోంపేట, మెళియాపుట్టి వాళ్లని పిలిచే బాధ్యత నాది. మాస్టారూ, మీరు ఆ గీతల సంగతి మావాళ్లకి నోటితో చెప్పాలి, చదవమంటే చదవరు. అక్కా, అమ్మగార్ని తీసుకురండి. బిల్లు బుక్కు సార్ ఫీజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

బిల్లు బుక్కు, శ్రీకాకుళం:

ఫీజు జీడిపప్పు రూపంలో అయినా ఫర్వాలేదు. గుండ్లే కావాలి.

కాశీబుగ్గ కాజూ:

త్రాసు, కట్టర్ నేను తెస్తా. పోయినేడు పిక్క ఇంట్లో మిగిలి ఉంటే తలో కిలో పట్టుకురండి, అక్కడే కోసి చూద్దాం. ఆరబెట్టింది తేవాలి తమ్ముడూ, తడి పిక్క తెస్తే టీ కూడా పోయించను.